బేరమాడే వాయిద్యాలు

లా కాలేజీలో చేరిన మొదటి వారంలోనే సిలబస్ కాగితం చేతికిచ్చారు. అందులో ఒకచోట 'నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్, 1881' అని ఉంది. హాస్టల్‌కి వచ్చి, ఫోన్లో ముక్క ముక్కకీ అర్థం వెతికాను. నెగోషియేట్ అంటే బేరమాడు. ఇన్‌స్ట్రుమెంట్ అంటే వాయిద్యం. వీణలూ మద్దెలలూ అమ్ముకునేవాళ్ల మీద తెల్లదొరలు పనిగట్టుకుని చట్టం ఎందుకు చేశారో ఆ రాత్రి నాకు అంతుపట్టలేదు. ఎవర్నైనా అడుగుదామంటే సిగ్గు.

మా ఊరు పిఠాపురానికి బస్సులో అరగంట. పదో తరగతి, ఇంటరు, బి.ఏ. అన్నీ తెలుగు మీడియమే. 2021లో లాసెట్ రాసి, విశాఖలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో సీటు తెచ్చుకున్నాను. కోవిడ్ పుణ్యమా అని క్లాసులు మొదలయ్యేసరికి క్యాలెండరే మారిపోయింది. ఇంగ్లీషు నాకు బొత్తిగా రాదని కాదు. పేపరు చదివితే తెలిసేది. సినిమా కింద అక్షరాలు వేస్తే కథ అర్థమయ్యేది. ఆ ధైర్యంతోనే చేరాను. కాంట్రాక్ట్ యాక్ట్ తెరిచాక ఆ ధైర్యం రెండు పేజీలు కూడా నిలవలేదు.

కష్టమైన మాటలు ఉండటం కాదు నన్ను ఇబ్బంది పెట్టింది. వాటికి డిక్షనరీ ఉంది. తెలిసిన మాటలే తెలియని పనులు చేసేవి. 'లీవ్' అంటే సెలవు కదా, 'లీవ్ టు అప్పీల్' అంటే అప్పీలుకి సెలవా? అనుమతట. 'ఎగ్జిక్యూషన్' అనగానే నాకు ఉరికంబం కనిపించేది. తీరా చూస్తే డిక్రీ అమలు చేయించుకోవడం, దస్తావేజు మీద సంతకం పెట్టడం కూడా అదే మాట. 'ప్రేయర్' అంటే దావా చివర కోర్టుని ఏం ఇమ్మంటున్నామో రాసే భాగం. 'కన్సిడరేషన్'కి నా డిక్షనరీ చెప్పిన అర్థాలు పరిశీలన, పరిగణన, దయ. నేను దయతో సరిపెట్టుకున్నాను.

మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్ట్స్ పోయింది. గైడు పేజీలకు పేజీలు బట్టీ పట్టి వెళ్లాను. మధ్యలో ఒక వాక్యం జారిపోయింది, దాని వెనక ఉన్నవన్నీ దండ తెగిన పూసల్లా రాలిపోయాయి. ఆశ్చర్యమేమిటంటే నా రూమ్మేట్‌కి కూడా అదే పేపర్ పోయింది. ఆ పిల్ల ఎల్‌కేజీ నుంచీ కాన్వెంటు, కలలో కూడా ఇంగ్లీషే మాట్లాడుతుంది. "నాకు ఆ మాటలన్నీ తెలుసు కదా అనుకుని పైపైన చదివేశానే" అంది. ఆ రోజు నాకు కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకుంటాను. తెలియదని తెలిసి తడబడినదాన్ని నేను, తెలుసనుకుని జారినది తను. ఈ ఇంగ్లీషు ఇద్దరికీ పరాయి భాషే.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. పోయిన పేపర్ సంగతి ఇంట్లో చెప్పలేదు. భోగి నాడు అమ్మ సామాన్లు సర్దుతూ అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. అందులో ఇంటి కాగితాలు ఉంటాయి. పన్ను రశీదులు, పాస్ పుస్తకాలు, అప్పు తీర్చేశాక నాన్న వెనక్కి తెచ్చుకున్న ప్రోనోట్లు. ఊరికే ఒకటి తీసి చదివాను. రెవెన్యూ స్టాంపు మీద నాన్న సంతకం అడ్డంగా ఉంది. దాని పైన రాత ఇలా: "...వడ్డీతో అసలు చేర్చి మీరు గానీ, మీ అనుమతి పొందిన వారు గానీ కోరిన తక్షణం చెల్లించగలవాడను. ఈ నోటుకు ప్రతిఫలం నగదుగా ముట్టినది."

నేను అలాగే పీట మీద కూర్చుండిపోయాను. ప్రతిఫలం ముట్టినది! కన్సిడరేషన్ అంటే ఇదా? దయా కాదు, పరిశీలనా కాదు. నువ్వు మాట ఇచ్చినందుకు అవతలివాడు నీకేమిచ్చాడో అది. ఇక 'మీ అనుమతి పొందిన వారు గానీ' అన్న ముక్క ఉందే, అదే 1881 చట్టంలో నాలుగో సెక్షన్ చెప్పే 'టు ది ఆర్డర్ ఆఫ్'. అప్పిచ్చినాయన ఈ కాగితం ఇంకొకరికి రాసిచ్చేయొచ్చు, అప్పుడు డబ్బు వాళ్లకి కట్టాలి. అలా చేతులు మారగల కాగితమే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్. నేను విశాఖలో వెతికిన వాయిద్యం మా అటక మీదే ఉంది.

అదే పెట్టెలో తాత దస్తావేజు కూడా దొరికింది. 1968లో కొన్న ఎకరం ముప్ఫై సెంట్లది. రెండు పేజీల మొదటి వాక్యానికి చివరిదాకా ఫుల్‌స్టాప్ లేదు. 'నా స్వార్జితమై, నాకు సర్వహక్కులూ కలిగి, నా స్వాధీనానుభవములో ఉన్న', 'మీరు మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వస్వాతంత్ర్యములతో అనుభవించుకొనవలసినది'. దానం, వినిమయం, విక్రయం. ఒక్క 'ఇష్టమొచ్చినట్టు చేసుకో' అంటే సరిపోయేదానికి మూడు మాటలు. 'నల్ అండ్ వాయిడ్', 'టర్మ్స్ అండ్ కండిషన్స్' అని ఇంగ్లీషువాళ్లు ఒకే మాటని జోడించి జోడించి చెబుతారని లెక్చరరు నవ్వుతూ చెప్పారు గానీ, మా దస్తావేజు లేఖరులు వాళ్లకేమీ తీసిపోలేదు. తాతకి చదువు రాదు. అయినా ఆ కాగితంలో ఏ మాట ఎందుకుందో అడిగితే చెబుతాడు. 'వినిమయం ఎందుకు తాతా?' అంటే, "రేపు పక్కోడి చెక్కతో మార్చుకోవాలంటేనో?" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఆ భాషకి భయపడలేదు. అవసరం కాబట్టి నేర్చుకున్నారు.

పండగ వెళ్లాక చదివే పద్ధతి మార్చాను. ముందు గైడు అవతల పెట్టి బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం, పట్టుకున్నాను. సెక్షన్ కంటే ముందు దాని కింద ఉన్న ఇలస్ట్రేషన్లు, అంటే ఉదాహరణలు, చదవడం మొదలుపెట్టాను. ఇది ఎవరూ చెప్పలేదు, చిక్కుపడి నేనే కనిపెట్టుకున్నాను. మెకాలే తయారు చేసిన పీనల్ కోడ్ నిండా ఎ, జెడ్ అనే ఇద్దరు ఉంటారు. పాపం జెడ్‌కి జరగని అన్యాయం లేదు. దొంగతనం సెక్షన్ 378లో ఎ జేబులో కుక్కకి ఇష్టమైన తిండి పెట్టుకుని వెళతాడు. జెడ్‌గారి కుక్క ఆ వాసనకి వెంటపడుతుంది. ఎ దాన్ని తాకలేదు, తాడు కట్టలేదు. కానీ కాజేయాలన్న బుద్ధితో పెట్టుకున్నాడు కాబట్టి, కుక్క వెనకాల కదిలిన క్షణానే దొంగతనం జరిగిపోయింది. ఇది అర్థమయ్యాక పైకెళ్లి సెక్షన్ చదివితే 'డిస్‌హానెస్ట్లీ', 'మూవబుల్ ప్రాపర్టీ', 'వితౌట్ దట్ పర్సన్స్ కన్సెంట్', 'మూవ్స్' అన్నవి కుక్క, జేబు, జెడ్ రూపంలో కళ్ల ముందే నడిచాయి.

తర్వాత పెన్సిల్. కాంట్రాక్ట్ యాక్ట్ 2(డి) నన్ను ఫెయిల్ చేసిన సెక్షన్, కాబట్టి దానితోనే మొదలుపెట్టాను. 'హాజ్ డన్ ఆర్ అబ్‌స్టెయిన్డ్ ఫ్రమ్ డూయింగ్, ఆర్ డజ్ ఆర్ అబ్‌స్టెయిన్స్ ఫ్రమ్ డూయింగ్, ఆర్ ప్రామిసెస్ టు డూ ఆర్ టు అబ్‌స్టెయిన్ ఫ్రమ్ డూయింగ్' అని సాగదీస్తుంది. క్రియల కింద గీత గీస్తే ఉన్నది ఒక్కటే: చేసినా మానినా, చేస్తున్నా మానుతున్నా, చేస్తానన్నా మానుతానన్నా. మూడు కాలాలు. ఎవరు చేయాలి అన్నచోట గుండ్రంగా చుట్టాను. 'ది ప్రామిసీ ఆర్ ఎనీ అదర్ పర్సన్', మాట పుచ్చుకున్నవాడు గానీ ఇంకెవరైనా గానీ. ఆ 'ఆర్ ఎనీ అదర్ పర్సన్' అన్న నాలుగు మాటల మీదే మద్రాసు హైకోర్టులో 1882 నాటి ప్రసిద్ధమైన కేసు ఉంది, చిన్నయ్య వర్సెస్ రామయ్య. ఒక పెద్దావిడ ఆస్తి కూతురికి దానంగా రాసిచ్చి, ఏటా ఇంత సొమ్ము నా తోబుట్టువులకి ఇవ్వు అంది. కూతురు సరేనని వాళ్లకి కాగితం రాసిచ్చింది. తర్వాత ఎగ్గొట్టింది. మీరు నాకేమిచ్చారు గనక నేనివ్వాలి అన్నది ఆమె వాదన. ఇచ్చింది వాళ్లు కాకపోయినా పెద్దావిడ ఇచ్చింది కదా, ఆ 'ఎనీ అదర్ పర్సన్' ఆవిడేగా అని కోర్టు తేల్చింది. ఇంగ్లండులో అయితే ఆ వాదన గెలిచేదట.

చిన్నయ్య, రామయ్య. ఆ పేర్లు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకొకరికి చెప్పడం కష్టం. అంతవరకూ కేసుల్లో కార్లిల్, బాల్ఫర్ అని ఎక్కడి ఇంగ్లండువాళ్లో. ఆ తర్వాత నేను మనవాళ్ల కేసులే వెతుక్కుని చదివాను. 1917 నాటి చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. భర్త, పెళ్లాన్నీ కొడుకునీ కూర్చోబెట్టి, ఆస్తిలో హక్కు వదులుకుంటున్నట్టు నా తోడబుట్టినవాడి పేర కాగితం రాయండి, లేకపోతే చచ్చిపోతాను అని బెదిరించాడు. రాశారు. ఇది బలవంతం కిందకి వస్తుందా? కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 15లో 'పీనల్ కోడ్ ఫర్‌బిడ్ చేసిన పని' అని ఉంది. చచ్చిపోయినవాణ్ణి ఎవరూ శిక్షించలేరు. మరి శిక్ష వేయలేని పనిని చట్టం నిషేధించినట్టేనా? 'ఫర్‌బిడెన్' వేరు, 'పనిషబుల్' వేరు అన్న సన్నని గీత మీద నిలబడింది ఆ తీర్పు. జడ్జీలలో ఒకరు ఒప్పుకోలేదు, ఎక్కువమంది అది బలవంతమే అన్నారు. చస్తానని బెదిరించే మగాళ్లని మా వీధిలోనే చూశాను కాబట్టి ఆ రెండు ఇంగ్లీషు మాటల తేడా నాకు మళ్లీ మరుపు రాలేదు.

ఇక పాకాల నారాయణస్వామి కేసు. ఎవిడెన్స్ చదివే ప్రతివాడికీ తెలిసినదే, కానీ అది మా పిఠాపురం కేసని చాలామందికి పట్టదు. 1937 మార్చిలో పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు అనాథగా దొరికింది. అందులో ఏడు ముక్కలుగా నరికిన శవం. చనిపోయినాయన పిఠాపురం దివాను గారి దగ్గర పనిచేసిన బంట్రోతు. అప్పిచ్చిన సొమ్ము కోసం బరంపురం రమ్మని ఉత్తరం వచ్చిందనీ, అందుకే వెళుతున్నాననీ బయల్దేరే ముందు పెళ్లాంతో చెప్పాడు. ఆ మాట సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్నది 1939లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. లార్డ్ అట్కిన్ తీర్పు రాశారు. అప్పటి ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 32లో 'సర్కమ్‌స్టాన్సెస్ ఆఫ్ ది ట్రాన్సాక్షన్ విచ్ రిజల్టెడ్ ఇన్ హిజ్ డెత్' అని ఉండేది. నాకు ట్రాన్సాక్షన్ అంటే బ్యాంకు మెసేజీ. మనిషిని నరకడం ట్రాన్సాక్షన్ ఎలా అవుతుంది? లావాదేవీ అని రాసుకుంటే నవ్వొచ్చింది. రెండు రోజులు ఆలోచించాక 'వ్యవహారం' తట్టింది. 'ఆయన చావుకి దారితీసిన వ్యవహారం'. మనం ఊళ్లో "ఆ వ్యవహారంలోనే వాడు పోయాడు" అంటామే, సరిగ్గా అది. పాత ధర్మశాస్త్రాల్లో వ్యవహారమంటే న్యాయవిచారణే కదా. తనని చంపుతారని ఊహించకముందు అన్న మాటైనా ఆ వ్యవహారంలో భాగమైతే చెల్లుతుందన్నారు అట్కిన్. పిఠాపురంలో ఒక ఇల్లాలితో అన్న మాట, ఆవిడ కోర్టులో చెబితే ఇంగ్లీషులోకి మారి, సముద్రం దాటి వెళ్లి, చివరికి నా పరీక్ష పేపర్లో పది మార్కుల ప్రశ్నగా తిరిగొచ్చింది.

అన్ని తీర్పులూ ఇంత సాఫీగా ఉండవు. ఎవరో చెప్పారని సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన జస్టిస్ కృష్ణ అయ్యర్ తీర్పుతో మొదలుపెట్టి నాలుగు రోజులు డిక్షనరీతో కాపురం చేశాను. గొప్పవారే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లు ఆగి తెరవడం మేలు.

రెండో ఏడు మూట్ కోర్టులో, అంటే విద్యార్థులకి పెట్టే ఉత్తుత్తి కోర్టులో, నా పరువు పోయింది. ఒక అద్దె ఇంటి తగాదా ఇచ్చారు. మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, నేనే రాశాను. ఒక పేరాలో 'ప్రెమిసెస్' అన్నాను, తర్వాతి దాంట్లో 'బిల్డింగ్', ఆ తర్వాత 'హౌస్', చివర 'ప్రాపర్టీ'. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు ఒకే మాట పదే పదే రాస్తే పునరుక్తి దోషమని ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఆ శిక్షణ అంత బలంగా పడింది. జడ్జిగా కూర్చున్న సీనియర్ లాయరు కాగితం తిప్పి తిప్పి చూసి, "కౌన్సెల్, మీ క్లయింటు మొత్తం ఎన్ని ఇళ్లు అద్దెకిచ్చాడు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఒకటే, మై లార్డ్." "మరి నాలుగున్నాయే ఇక్కడ?" హాలంతా నవ్వు. ఈ భాషలో మాట మారితే వస్తువు మారినట్టే. ఇల్లు అన్నావా, చివరిదాకా ఇల్లే. పునరుక్తి ఇక్కడ దోషం కాదు, కాపలా. మాస్టారు నేర్పినది మరిచిపోవడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

'షల్', 'మే' మాత్రం తెలుగే నేర్పింది. ఎవిడెన్స్ యాక్ట్ నాలుగో సెక్షన్‌లో 'మే ప్రెజ్యూమ్', 'షల్ ప్రెజ్యూమ్', 'కన్‌క్లూజివ్ ప్రూఫ్' అని మూడు మెట్లుండేవి. అనుకోవచ్చు, అనుకోవాలి, ఇక మాట్లాడకు. మొదటిది కోర్టు ఇష్టం. రెండోది కాదని అవతలివాడు రుజువు చేసేదాకా. మూడోదానికి తలుపులు మూసేసినట్టే, కాదనే సాక్ష్యం కూడా తీసుకోరు.

మూడో ఏడు ఇంటర్న్‌షిప్‌కి మా జిల్లాలోనే ఒక ప్లీడరు గారి దగ్గర చేరాను. అక్కడ నాకు అసలు గురువు గుమాస్తా గారు. ముప్ఫై ఏళ్ల నుంచి ఆ ఆఫీసులో ఉన్నారు. ఇంగ్లీషులో నాలుగు మాటలు కలిపి మాట్లాడరు గానీ ప్లెయింట్‌లో, అంటే దావా కాగితంలో, 'కాజ్ ఆఫ్ యాక్షన్' పేరాలో తేదీ తప్పితే ఆమడ దూరం నుంచి పట్టేస్తారు. "అమ్మాయ్, ఇంగ్లీషు అందంగా ఉంటే ఏం లాభం? దావా ఎప్పుడు పుట్టిందో చెప్పకపోతే రిజిస్టర్‌లోకే ఎక్కదు" అనేవారు.

సాక్షుల్ని విచారించే రోజు కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. పొలం గట్టు తగాదా. బోనులో ఒక ముసలావిడ. "పొద్దు వాటారేక, నేను గేదెని తోలుకొస్తంటే ఆడు అడ్డంపడి నానా మాటలూ అన్నాడు బాబూ" అంది. జడ్జి గారు టైపిస్టుకి చెప్పారు: 'ఇన్ ది ఈవినింగ్ అవర్స్, ది అక్యూజ్డ్ రెస్ట్రెయిన్డ్ మీ అండ్ అబ్యూజ్డ్ మీ ఇన్ ఫిల్తీ లాంగ్వేజ్.' గేదె ఎగిరిపోయింది. అవతలి ప్లీడరు క్రాస్‌కి లేచి, డబ్బు తీసుకుని అబద్ధం చెబుతున్నావు కదా అని గద్దించాడు. ముసలావిడ మొహం ఎర్రబడింది. "నీ నోట్లో మన్నడ! నా బిడ్డల మీద ఒట్టు, రూపాయి ముట్టుంటే నా చేతులు పడిపోను" అని ఏడ్చేసింది. కాగితం మీద పడింది ఇది: 'ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ యామ్ డిపోజింగ్ ఫాల్స్‌లీ.' ఆ వాక్యం నేను అంతకు ముందు ఎన్నో డిపోజిషన్లలో, అంటే సాక్ష్యం రాసుకున్న కాగితాల్లో, చదివాను. ప్రతి దాని వెనకా ఇలాంటి ఒట్టు ఒకటి ఉందని తట్టలేదు. తీర్పు రాసేటప్పుడు, అప్పీలుకి వెళ్లినప్పుడు చూసేది ఆ కాగితాన్నే. గేదె లేకపోయినా ఫరవాలేదేమో గానీ, అది ఎటు నుంచి ఎటు వస్తోందన్నది గట్టు ఎవరిదో చెప్పే సంగతి కదా అని నాకు అనిపించింది. గుమాస్తా గారితో అంటే, "అది అడగాల్సింది మన ప్లీడరు గారు. రేపు నువ్వు ప్లీడరువైతే అడుగు" అన్నారు.

2023లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో తెలుగులో తీర్పు ఇచ్చిందని వార్త వచ్చినప్పుడు హాస్టల్లో అందరికీ చూపించాను. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టు భాష ఇంగ్లీషే అంటోంది కాబట్టి ఇంగ్లీషు ప్రతి కూడా ఉంది దానికి. అలాంటివి ఇంకా రావాలనే నా కోరిక. వచ్చినా ఇంగ్లీషు నేర్చుకోక తప్పదని కూడా తెలుసు.

కోర్సు చివరికొచ్చేసరికి 2024 జులై 1న పీనల్ కోడే పోయింది. 302 అంటే హత్య అని సినిమాలు కూడా నేర్పేశాక అది భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. 420 కాస్తా 318(4)లోకి వెళ్లింది. కొత్త చట్టాల పేర్లు సంస్కృతం. లోపల తెరిస్తే చాలాచోట్ల మెకాలే ఇంగ్లీషే. జేబులో కుక్క తిండితో ఎ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. నెంబర్లు మళ్లీ నేర్చుకున్నాను గానీ, వాక్యాలు పాత చుట్టాలే.

మొన్న వేసవిలో పక్క పొలం వాళ్లతో చిన్న గొడవ వచ్చి, నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. ప్లీడరు గారు డ్రాఫ్టు నన్నే రాయమన్నారు. తాత దస్తావేజు ముందు పెట్టుకుని, షెడ్యూలు ఇంగ్లీషులో రాశాను. తూర్పు, దక్షిణం, పశ్చిమం, ఉత్తరం హద్దులు, సర్వే నెంబరు, ఎకరం ముప్ఫై సెంట్లు, 'టుగెదర్ విత్ ఆల్ ఈజ్‌మెంటరీ రైట్స్', అంటే పక్కవాళ్ల భూమిలోంచి దారి, నీళ్లు లాంటి వాడుక హక్కులతో సహా. ఇంటికి తీసుకెళ్లి తాతకి చదివి వినిపించాను. ఒక ముక్క ఇంగ్లీషులో, ఒక ముక్క తెలుగులో. కళ్లు మూసుకుని విన్నాడు.

"నూతిలో వాటా రాశావా?" అన్నాడు.

"ఈజ్‌మెంటరీ రైట్స్ అని రాశాను తాతా, అందులో అన్నీ వస్తాయి."

"అన్నీ సరేలే. నుయ్యి అన్న మాట ఉందా లేదా?"

దస్తావేజు మళ్లీ చూశాను. రెండో పేజీలో, సాక్షుల సంతకాలకి కాస్త పైన ఉంది: 'ఉత్తరపు గట్టు నూతిలో సగం వాటా సహా'. నేను దాటేశాను. అది ఈజ్‌మెంట్ కాదు, సొంత హక్కు. పెన్ను తీసి, సర్వే నెంబరు తర్వాత గీత పెట్టి, 'హాఫ్ షేర్ ఇన్ ది వెల్' అని చేర్చి మళ్లీ చదివాను.

"వెల్లంటే నుయ్యేనా?"

"నుయ్యే తాతా."

"అయితే ఉండనీ" అని, కళ్లు తెరవకుండానే చుట్ట కోసం తడుముకున్నాడు.